కాగితం లేని సైనికులు: హ్మాంగ్ కుటుంబాలు మోసుకొచ్చిన యుద్ధం

2000 సంవత్సరం మే నెలలో అమెరికాలో ఒక చిన్న చట్టం వచ్చింది. వియత్నాం యుద్ధకాలంలో పక్కనున్న లావోస్ కొండల్లో అమెరికా పక్షాన పోరాడిన హ్మాంగ్ సైనికులు, వాళ్ల భార్యలు ఇంగ్లిష్ పరీక్ష లేకుండానే పౌరసత్వం తీసుకోవచ్చు అన్నది దాని సారాంశం. అయితే సైన్యంలో పనిచేసినట్టు రుజువు చూపించాలి. ఆనాటి కాగితాలు ఉంటే సరే. లేకపోతే అప్పటి పై అధికారి అఫిడవిట్ ఇవ్వాలి. అదీ దొరక్కపోతే, అదే దళంలో పోరాడిన ఇద్దరు వచ్చి "ఇతను మాతోనే ఉన్నాడు" అని రాసివ్వాలి.

చట్టంలో ఆ చివరి దారి ఎందుకు పెట్టాల్సివచ్చింది? పదేళ్లకు పైగా తుపాకీ మోసిన మనిషి దగ్గర ఒక్క కాగితం కూడా ఉండకపోవచ్చని దాన్ని రాసినవాళ్లకు తెలుసు. మన ఊళ్లలో ఆర్మీలో చేసి వచ్చినాయన బీరువా తీస్తే డిశ్చార్జ్ బుక్కు ఉంటుంది, పెన్షన్ కాగితాలు ఉంటాయి, క్యాంటీన్ కార్డు ఉంటుంది. మనవళ్లకు చూపించడానికి ఒకటో రెండో మెడల్స్ ఉంటాయి. హ్మాంగ్ తాతల్లో చాలామందికి ఇవేవీ లేవు. ఎక్కువమందికి అసలు ఇవ్వనే లేదు. ఏదో ఒక ఫొటోనో గుర్తింపు కాగితమో ఉన్నవాళ్లు కూడా, 1975లో గెలిచిన కమ్యూనిస్టుల కొత్త ప్రభుత్వం చేతికి చిక్కితే ప్రాణం పోతుందన్న భయంతో కాల్చేశారు, భూమిలో పాతిపెట్టారు.

హ్మాంగ్ సైనికులను చరిత్ర మరిచిపోయిందని తరచూ అంటుంటారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. మరిచిపోవాలంటే ఒకప్పుడైనా తెలిసి ఉండాలి కదా. ఈ యుద్ధాన్ని మొదటి రోజు నుంచే ఎవరికీ తెలియకుండా, ఎక్కడా రాతకోతలు లేకుండా నడిపారు. పెన్షన్ రాకపోవడానికి, పాఠ్యపుస్తకంలో పేరు లేకపోవడానికి, శ్మశానంలో చోటు దొరకకపోవడానికి మూలం అక్కడే ఉంది. ఆ ముడి ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఎవరీ హ్మాంగ్?

దక్షిణ చైనా కొండల్లో వేల ఏళ్లుగా ఉన్న జాతి. చింగ్ చక్రవర్తుల ఒత్తిడి భరించలేక 19వ శతాబ్దంలో కొన్ని సమూహాలు దక్షిణానికి దిగి వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ కొండల మీద ఇళ్లు కట్టుకున్నాయి. పల్లంలో లావో ప్రజలు మడులు కట్టి వరి పండిస్తే, వీళ్లు వెయ్యి మీటర్లకు పైన పోడు కొట్టి కొండవరి, మొక్కజొన్న, నల్లమందు గసగసాలు పండించేవారు. పోడు, గసగసాలు అనగానే అడవిమనుషులని తేలిగ్గా చూసేవాళ్లు అక్కడా తక్కువేం కాదు. నిజానికి ఆ నల్లమందును గుత్తాధిపత్యంలో పెట్టుకుని ఖజానా నింపుకున్నది ఫ్రెంచ్ వలస ప్రభుత్వమే.

హ్మాంగ్ సమాజానికి వెన్నెముక వంశం. వాంగ్, యాంగ్, షియాంగ్, లీ, లో, మౌవా... ఇలా అమెరికాలోని హ్మాంగ్‌లు 18 వంశాలు లెక్కపెడతారు. మనకు గోత్రం ఎలాగో వాళ్లకు వంశం అలాగ. ఒకే వంశంలో పెళ్లి కుదరదు. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల ఎదురుపడ్డ కొత్త మనిషైనా అదే వంశం అయితే అన్నదమ్ముడే. సైన్యంలో చేరడం, పారిపోవడం, కొత్త దేశంలో నిలదొక్కుకోవడం అన్నీ ఈ వంశాల దారిలోనే జరిగాయి. కాబట్టి హ్మాంగ్ సైనిక వారసత్వం ఒక మనిషిది అయ్యే అవకాశమే లేదు. ఇంటిల్లిపాదిదీ, ఆ మాటకొస్తే వంశం మొత్తానిదీ.

రాత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 1950ల తొలినాళ్ల దాకా లావోస్‌లోని హ్మాంగ్ భాషకు అందరూ వాడుకునే లిపి లేదు. అప్పుడు మిషనరీలు రోమన్ అక్షరాలతో ఒక పద్ధతి తయారుచేశారు. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే ఒక పేద రైతు సొంతంగా ఒక లిపి సృష్టించాడు. చదువే లేని మనిషి ఒక భాషకు లిపి కట్టడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. ఆయన వెనుక జనం చేరుతుంటే, యుద్ధంలో ఉన్న కమ్యూనిస్టులకూ, వాళ్లతో పోరాడుతున్నవాళ్లకూ అనుమానం పుట్టింది. 1971లో ఆయన్ను చంపేశారు. తమ కథను తమ అక్షరాల్లో రాసుకునే అవకాశం యుద్ధం మధ్యలో అలా నెత్తురు కక్కుకుంది.

ఇంకో చిక్కు పేరుతో వచ్చింది. ఆనాటి ఫ్రెంచ్, అమెరికన్ పత్రాల్లో ఈ జనాన్ని 'మెయో' అని రాశారు. ఆ మాటను హ్మాంగ్‌లు అవమానంగా భావిస్తారు. 1961 జూలైలో అమెరికా ప్రభుత్వం లోపల తయారైన ఒక నివేదిక, సుమారు 9 వేల మంది 'మెయో' గిరిజనులకు ఆయుధాలిచ్చినట్టు చెబుతుంది. ఇవాళ తన తాత గురించి పాత పత్రాల్లో వెతుక్కునే మనవరాలు, తన జాతిని తిట్టే మాటతోనే ఆ వెతుకులాట మొదలుపెట్టాలి.

యుద్ధంలోకి ఎలా దిగారు?

"సీఐఏ వచ్చింది, తుపాకులిచ్చింది, వీళ్లు పోరాడారు" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. అమెరికన్లు అక్కడ అడుగుపెట్టడానికి చాలా ముందే ఆ కొండల్లో కుంపటి రాజుకుంది.

లావోస్ ఈశాన్యాన, వియత్నాం సరిహద్దును ఆనుకుని నాంగ్ హెట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ లో వంశానికీ లీ వంశానికీ మధ్య వియ్యం కలిసింది. ఆ పెళ్లి విషాదంగా ముగిసింది, పగ మిగిలింది. తర్వాత ఫ్రెంచ్ ప్రభుత్వం ఆ ప్రాంత పెత్తనాన్ని లో వంశానికి చెందిన ఫైడాంగ్‌కు కాకుండా, చదువుకున్న టూబీ లీఫూంగ్‌కు కట్టబెట్టింది. ఫైడాంగ్‌కు టూబీ స్వయానా మేనల్లుడు. మేనమామ వియత్నాం విప్లవకారుల వైపు, ఆపై లావో కమ్యూనిస్టులైన పాథెట్ లావ్ వైపు వెళ్లాడు. మేనల్లుడు ఫ్రెంచ్‌వాళ్ల వైపు, ఆపై లావోస్ రాజు ప్రభుత్వం వైపు నిలబడి మంత్రి కూడా అయ్యాడు. 1975లో మేనమామ పక్షం గెలిచింది. టూబీ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

ఈ కుటుంబ కథను చిన్న విషయంగా చూడకూడదు. హ్మాంగ్‌లంతా ఒకవైపే పోరాడారన్న అపోహ దీన్ని విస్మరించడం వల్లే పుట్టింది. పాథెట్ లావ్ సైన్యంలోనూ హ్మాంగ్‌లు ఉన్నారు. ఎటూ చేరకుండా తమ పోడు తాము చేసుకోవాలనుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే యుద్ధం ముదిరాక ఈ మూడోవాళ్లకు ఎక్కడా చోటు లేకుండా పోయింది.

1961 జనవరి మొదటి రోజుల్లో, ఉత్తర వియత్నాం అండతో కమ్యూనిస్టు అనుకూల దళాలు జాడీల మైదానాన్ని పట్టుకున్నాయి. పెద్ద పెద్ద ప్రాచీన రాతిజాడీలు చెల్లాచెదురుగా పడి ఉండే ఆ పీఠభూమి చుట్టూ ఉన్న కొండలే హ్మాంగ్‌ల ఇళ్లు. అదే నెలలో బిల్ లేర్ అనే సీఐఏ అధికారి వాంగ్ పావ్ అనే హ్మాంగ్ సైనికాధికారిని కలిశాడు. 1929లో నాంగ్ హెట్ ప్రాంతంలో పుట్టిన వాంగ్ పావ్, కుర్రవయసులోనే ఫ్రెంచ్‌వాళ్ల దగ్గర చేరి, రాజు సైన్యంలో పైకొచ్చినవాడు. శత్రువు ఇంటి వాకిట్లోకి వచ్చేశాడు, ఊరు వదిలి పోవాలి లేదా పోరాడాలి, పోరాడాలంటే తుపాకులు కావాలి అన్నది ఆయన వైపు లెక్క. కమ్యూనిస్టులను ఆపాలి, కానీ అమెరికన్ సైనికులను పంపకూడదు అన్నది అవతలి లెక్క. రెండూ కుదిరాయి.

గెలిస్తే మీకు మేలు చేస్తాం, ఓడితే మిమ్మల్ని వదిలేయం అని అమెరికన్లు ఆనాడు మాటిచ్చారని హ్మాంగ్ పెద్దలు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ మాటకు సంతకం పెట్టిన కాగితం లేదు. రాత లేని జాతికి మాటే ఒప్పందం. రాతకు కట్టుబడే ప్రభుత్వానికి ఆ మాట గాలిలో మాట. ఆ తేడా ఖరీదు తర్వాత తెలిసొచ్చింది.

ఎందుకు రహస్యం?

1962 జూలై 23న జెనీవాలో 14 దేశాలు లావోస్ తటస్థతను గౌరవిస్తామని సంతకాలు చేశాయి. విదేశీ సైన్యాలన్నీ అక్టోబర్ కల్లా వెళ్లిపోవాలి. పర్యవేక్షణకు అంతర్జాతీయ కమిషన్ ఉంది. దాంట్లో కెనడా, పోలండ్ సభ్యులు, అధ్యక్షత భారతదేశానిది. మన దేశం ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. అమెరికా తన సైనిక సిబ్బంది 666 మందిని కమిషన్ కళ్లముందు పంపించింది. ఉత్తర వియత్నాం సైనికులు వేలల్లో ఉండగా చెక్‌పోస్టు దాటి వెళ్లినట్టు లెక్కకొచ్చింది 40 మందే. పాథెట్ లావ్ అధీనంలోని ప్రాంతాల్లోకి వాళ్ల అనుమతి లేకుండా వెళ్లే అధికారం కమిషన్‌కు లేదు. సంతకం ఒకటి, నేల మీద నిజం ఇంకొకటి అని తెలిసి కూడా ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

అప్పుడు అమెరికా కూడా ఒప్పందాన్ని పైకి పాటిస్తూ లోపల ఉల్లంఘించే దారి పట్టింది. యూనిఫాంలో ఉన్న అమెరికన్ సైనికుడు లావోస్‌లో కనపడకూడదు. అందుకని యుద్ధాన్ని సైన్యం చేతిలో కాకుండా లావోస్ రాజధాని వియంటియాన్‌లోని అమెరికా రాయబారి పర్యవేక్షణలో, సీఐఏ చేతుల మీదుగా నడిపారు. ఆయుధాలు, బియ్యం, మనుషులను మోసింది ఎయిర్ అమెరికా. పేరుకు ప్రైవేటు విమాన సంస్థ, దాని అసలు యజమాని సీఐఏ. తర్ఫీదు ఇచ్చింది ఎక్కువగా థాయ్ పోలీసు పారాట్రూపర్లు. బాంబులు ఎక్కడ వేయాలో చిన్న విమానాల నుంచి చూసి చెప్పే అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ పైలట్లు సివిల్ దుస్తుల్లో తిరిగేవారు. నేల మీద నిలబడి పోరాడే పని మాత్రం హ్మాంగ్‌లకు, వాళ్లతో పాటు ఖ్ము, మియెన్, లావో తదితర జాతుల కుర్రాళ్లకు వదిలేశారు.

వాళ్ల దళాలకు పెట్టిన పేరు 'ప్రత్యేక గెరిల్లా యూనిట్లు'. జీతం సీఐఏ డబ్బు. ర్యాంకు లావోస్ రాజు సైన్యానిది. అమెరికా సైన్యం రికార్డుల్లో వాళ్లకు నంబర్ లేదు. ఒక సైనికుడికి జీతం ఇచ్చేవాడు, ఆజ్ఞ ఇచ్చేవాడు, ర్యాంకు ఇచ్చేవాడు వేర్వేరుగా ఉంటే, రేపు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ముగ్గురూ తప్పుకోవచ్చు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. తర్వాత యాభై ఏళ్లూ హ్మాంగ్ కుటుంబాలు కొట్టుకున్న తలుపులన్నీ ఈ ఏర్పాటు మూసినవే.

లాంగ్ చెంగ్ అనే ఊరు దీనికి మంచి ఉదాహరణ. సున్నపురాయి శిఖరాల మధ్య లోయలో 1962 నుంచి వాంగ్ పావ్ స్థావరం అక్కడే. 1960ల చివరికి అక్కడ సుమారు 40 వేల మంది ఉండేవారని అంచనా. లావోస్‌లో పెద్ద పట్టణాల్లో ఒకటన్నమాట. విమానాలు క్షణం తీరిక లేకుండా దిగి లేచే ఆ పట్టణం మ్యాపుల్లో కనిపించేది కాదు. దానికి 'ట్వంటీ ఆల్టర్నేట్' అని కోడ్ పేరు పెట్టారు, పక్కనున్న సామ్ థాంగ్ రన్‌వేకు ఏదో అత్యవసర ప్రత్యామ్నాయం అనిపించేలా. బయటి నుంచి వచ్చిన అతిథులకు సామ్ థాంగ్‌లో ఆసుపత్రి, బడి చూపించి పంపేవారు. 1970 ఫిబ్రవరిలో కొందరు విలేకరులు కాలినడకన లాంగ్ చెంగ్‌లోకి వెళ్లేదాకా అదే నడిచింది.

ఏం చేశారు, ఏం పోగొట్టుకున్నారు?

ముందు ఒక పొరపాటు సరిదిద్దాలి. హ్మాంగ్‌లు హో చి మిన్ మార్గాన్ని కాపలా కాశారని చాలాచోట్ల రాస్తారు. ఉత్తర వియత్నాం తన సైనికులను, సరుకులను దక్షిణ వియత్నాంకు చేర్చిన ఆ మార్గం ప్రధానంగా లావోస్ దక్షిణ భాగం నుంచి వెళ్లేది. హ్మాంగ్‌ల యుద్ధం ముఖ్యంగా ఈశాన్యాన, జాడీల మైదానం చుట్టూ. వాళ్ల పోరాటం విలువ వేరే లెక్కలో ఉంది. అక్కడ వాళ్లు నిలబడినందువల్ల ఉత్తర వియత్నాం పెద్ద సైన్యాన్ని లావోస్‌లోనే ఉంచాల్సి వచ్చింది. సీఐఏ మాజీ డైరెక్టర్ విలియం కోల్బీ 1994లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఇదే చెప్పాడు. వాంగ్ పావ్ సైనికులు పదేళ్ల పాటు శత్రువును దాదాపు 1962 నాటి రేఖల దగ్గరే ఆపారని, లావోస్‌లో చిక్కుకుపోయిన 70 వేల మంది ఉత్తర వియత్నాం సైనికులు దక్షిణ వియత్నాంలో అమెరికన్ల మీదికి రాలేకపోయారని ఆయన సాక్ష్యం.

యుద్ధానికి ఒక రుతుక్రమం ఉండేది. ఎండాకాలంలో రోడ్లు గట్టిపడగానే ఉత్తర వియత్నాం లారీలు, ట్యాంకులు ముందుకొచ్చేవి. వానలు పడి రోడ్లు బురదయ్యాక, విమానాల మీద ఆధారపడే వాంగ్ పావ్ దళాలు పోయిన కొండలను తిరిగి పట్టుకునేవి. మళ్లీ ఎండలు, మళ్లీ వెనక్కి. ఏటా అవే కొండలు. ప్రతిసారీ ఊళ్లకు ఊళ్లు మూట కట్టుకుని లేచిపోయేవి. పోడుకు పెద్దలు లేరు, ఉన్న పొలం చేతికొచ్చేలోపు మళ్లీ కదలాలి. అలా పండించుకు తినే జనం విమానం నుంచి జారవిడిచే బియ్యపు బస్తాల కోసం ఎదురుచూసే జనం అయ్యారు. తమ బియ్యం ఆకాశం నుంచే వస్తుందనుకున్న పిల్లలు అక్కడ పెరిగారు.

వాళ్లలో పైలట్లూ తయారయ్యారు. లీ లూ అనే బడిపంతులు టీ-28 యుద్ధవిమానం నడపడం నేర్చుకున్నాడు. రోజుకు పది దాకా దాడులు చేసిన రోజులున్నాయంటారు, మొత్తం 5 వేలు దాటాయని చెబుతారు. అమెరికన్ పైలట్లకు ఇన్నాళ్లని గడువు, ఆ తర్వాత ఇంటికి. లీ లూకు ఇల్లు అక్కడే. గడువు లేదు. 1969 జూలైలో విమానం కూలి చనిపోయాడు. హ్మాంగ్ పైలట్ల మధ్య ఒక మాట ఉండేది: చచ్చేదాకా ఎగరడమే.

ఫూ ఫా థీ కొండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సుమారు 1,700 మీటర్ల ఎత్తు, ఒకవైపు నిట్టనిలువు బండ. వాన, మబ్బు ఉన్నా బాంబర్లను హనోయి దాకా నడిపించే రాడార్‌ను 1967లో అమెరికన్లు దాని మీద పెట్టారు. తటస్థ దేశంలో సైనికులు ఉండకూడదు కాబట్టి ఆ టెక్నీషియన్లను కాగితాల మీద ఎయిర్‌ఫోర్స్ నుంచి తప్పించి, ఒక కంపెనీ ఉద్యోగులుగా చూపించారు. చుట్టూ కాపలా హ్మాంగ్, థాయ్ సైనికులు. 1968 మార్చి 10 రాత్రి మొదలైన దాడిలో, తెల్లవారేసరికి కొండ పోయింది. అక్కడున్న 19 మంది అమెరికన్లలో 12 మంది చనిపోయారు. గాయపడిన తోటివాళ్లను హెలికాప్టర్ ఎక్కించి, చివరికి తాను బుల్లెట్ తగిలి చనిపోయిన రిచర్డ్ ఎట్చ్‌బర్గర్‌కు అమెరికా అత్యున్నత సైనిక పతకం 2010లో దక్కింది. 42 ఏళ్లు పట్టింది. ఆయన కొడుకులకు నాన్న హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడనే చెప్పారు చాలా ఏళ్లు.

సొంత సైనికుడి విషయంలోనే రహస్యం ఇంత పని చేసింది. అదే కొండ కింద, అదే రాత్రి నేలకొరిగిన హ్మాంగ్ కుర్రాళ్ల పేర్లు ఏ పతకాల జాబితాలో వెతుకుతాం?

చనిపోయిన హ్మాంగ్ సైనికులు 30 వేల నుంచి 40 వేల మంది దాకా ఉంటారని అంచనాలు. పేరుపేరునా లెక్క రాసినవాళ్లు లేరు కాబట్టి అంచనాలే మిగిలాయి. యుద్ధం మొదట్లో లావోస్‌లో ఉన్న హ్మాంగ్‌లు మొత్తం సుమారు 3 లక్షలు. ఆ నిష్పత్తిని మన జిల్లాలో ఒక మండలానికి వర్తింపజేసుకుని చూడండి, చాలు. 1968 నాటికే సైన్యంలో చేర్చుకోవడానికి పెద్దవాళ్లు మిగలక, పిల్లలను తీసుకున్నారు. ఆ ఏడాది కొత్తగా చేర్చుకున్న 300 మందిలో 30 శాతం 14 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లని, పది మంది పదేళ్ల పిల్లలని అక్కడ సహాయ కార్యక్రమం నడిపిన ఎడ్గర్ బ్యూయెల్ స్వయంగా చెప్పాడు. మధ్య వయసువాళ్లు ఎక్కడ అంటే, అందరూ చనిపోయారని ఆయన జవాబు.

ఈ మాట దాటవేసి వీరగాథ మాత్రమే రాస్తే అది ఆ పిల్లలకు చేసే అన్యాయం. సైన్యానికి మనుషులను ఇవ్వని ఊళ్లకు బియ్యం ఆగిపోయిందని చెప్పిన కుటుంబాలున్నాయి. వాంగ్ పావ్‌ను తండ్రిలా తలచుకునేవాళ్లు ఉన్నారు, తన కొడుకును బలిపెట్టాడని క్షమించనివాళ్లూ ఉన్నారు. ఆ రెండు భావాలూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఇంకోవైపు వీళ్లను 'కిరాయి సైనికులు' అనే మాట నాకు బొత్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. కిరాయి సైనికుడు డబ్బు కోసం వేరే ఊరు వెళ్లి పోరాడతాడు. వీళ్లు పుట్టిన కొండ మీద, ఇంటి చూరు కనబడే దూరంలో పోరాడారు.

పైనుంచి పడిన బాంబుల సంగతి ఇంకొకటి. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 5 లక్షల 80 వేల సార్లు విమానదాడులు చేసి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. తలసరి లెక్కలో ప్రపంచంలో ఏ దేశం మీదా ఇన్ని పడలేదు. 27 కోట్ల చిన్న క్లస్టర్ బాంబుల్లో దాదాపు మూడో వంతు అప్పుడు పేలలేదు. అవి ఇవాళ్టికీ పొలాల్లో ఉన్నాయి. ఆ పొలాలు దున్నేవాళ్లలో లావోస్‌లోనే ఉండిపోయిన హ్మాంగ్‌లు కూడా ఉన్నారు.

నది దాటాక

1973 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ కుదిరింది. అమెరికన్ విమానాలు వెళ్లిపోయాయి. 1975 మే 14న వాంగ్ పావ్‌ను లాంగ్ చెంగ్ నుంచి తీసుకెళ్లారు. ఆ కొద్ది రోజుల్లో విమానాల్లో బయటపడింది సుమారు 2,500 మంది, ఎక్కువగా అధికారులు, వాళ్ల కుటుంబాలు. రన్‌వే మీద వేల మంది మూటలతో, పిల్లలతో నిలబడి ఇంకో విమానం వస్తుందని చూశారు. రాలేదు.

మిగిలినవాళ్లు నడిచారు. వారాలు, నెలలు అడవిలో దాక్కుంటూ మెకాంగ్ నది దాకా. రాత్రిపూట వెదురు బొంగులు చంకల కింద కట్టుకుని ఈదారు. కొండమీద పుట్టిన జనం, చాలామందికి ఈత రాదు. పసిపిల్లల ఏడుపు సైనికులకు వినబడకూడదని కొంచెం నల్లమందు తాగించేవారు. మోతాదు ఎక్కువై ఒడ్డు చేరేసరికి కళ్లు తెరవని బిడ్డలున్నారు. అలాంటి తల్లులు ఇవాళ మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో, కాలిఫోర్నియాలో అమ్మమ్మలు. వాళ్లలో కొందరు ఆ రాత్రి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శిబిరం 1975 నుంచి 1992 దాకా నడిచింది. అక్కడే ఒక కొత్త కళ పుట్టింది. హ్మాంగ్ ఆడవాళ్లు తరతరాలుగా గుడ్డ మీద నత్త గుల్లలు, నక్షత్రాలు, చిక్కుదారుల్లాంటి నమూనాలు కుట్టేవారు. శిబిరంలో మొదటిసారి మనుషులను, విమానాలను, తుపాకులను, నదిని కుట్టడం మొదలైంది. ఒక మూల ఊరు, మధ్యలో బాంబులు, కింద నీలి దారంతో మెకాంగ్, ఆ ఒడ్డున శిబిరం. అమ్ముకుని నాలుగు డబ్బులు తెచ్చుకోవడానికే కుట్టినా, కాగితం లేని యుద్ధానికి అవే మొదటి పత్రాలయ్యాయి. ఇవాళ ఆ గుడ్డలు మ్యూజియంలలో ఉన్నాయి.

అమెరికా చేరాక గుర్తింపు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1996లో పౌరసత్వం లేనివాళ్లకు ప్రభుత్వ సాయం తగ్గించే చట్టం వచ్చినప్పుడు, వయసు మళ్లిన హ్మాంగ్ సైనికులకు మీ సాయం ఆగిపోతుందన్న ఉత్తరాలు అందాయి. ఇంగ్లిష్ చదవలేని ముసలివాళ్లకు ఆ ఉత్తరాన్ని చదివి చెప్పింది పిల్లలు. అంత పని చేయించుకుని ఇప్పుడు అన్నం తీసేస్తారా అన్న ఆవేదన వీధికెక్కింది. 1997 మే 15న ఆర్లింగ్టన్ జాతీయ సైనిక శ్మశానవాటికలో లావోస్ యుద్ధవీరులకు ఒక చిన్న స్మారక ఫలకం పెట్టారు, పక్కనే ఒక చెట్టు నాటారు. యుద్ధం ముగిసి 22 ఏళ్లయింది. తర్వాత 2000 నాటి పౌరసత్వ చట్టం.

ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కఠినమైన ఉగ్రవాద నిరోధక చట్టాల నిర్వచనం ప్రకారం, ఒక ప్రభుత్వం మీద ఆయుధం పట్టినవాళ్లంతా ఉగ్రవాదులే. అమెరికా ఇచ్చిన తుపాకీతో పోరాడిన హ్మాంగ్‌లు అమెరికా చట్టం కిందే ఆ జాబితాలోకి వచ్చిపడ్డారు. దాన్ని సవరించడానికి 2007 డిసెంబర్ దాకా పట్టింది. అదే ఏడాది వాంగ్ పావ్‌ను లావోస్ ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర చేశాడన్న ఆరోపణతో అరెస్టు చేశారు. 2009లో ఆ కేసు ఎత్తేశారు. 2011 జనవరిలో ఆయన చనిపోతే, ఆర్లింగ్టన్‌లో చోటివ్వాలన్న కుటుంబం విన్నపాన్ని తిరస్కరించారు. కారణం మళ్లీ పాతదే: ఆయన అమెరికా సైన్యంలో లేడు.

2018 మార్చిలో ఇంకో చట్టం. ఆర్లింగ్టన్ కాకుండా మిగతా జాతీయ సైనిక శ్మశానవాటికల్లో హ్మాంగ్ సైనికులను ఖననం చేయొచ్చని.   కానీ పెన్షన్, గాయాలకు వైద్యం లాంటి కేంద్ర ప్రభుత్వ సైనిక ప్రయోజనాలు వీళ్లకు ఇవ్వలేదు. అందుకే సభలకు ఆ ముసలివాళ్లు యూనిఫాం తొడుక్కుని వచ్చినప్పుడు, ఆ యూనిఫాం ఎవరిచ్చారని అడగకూడదు. సొంత డబ్బులతో కుట్టించుకున్నది కావచ్చు.

వెనక ఉండిపోయినవాళ్ల కథకు ఇంకా తెర పడలేదు. కొందరు అడవుల్లోనే దాక్కుని పోరాడారు. థాయ్‌లాండ్ 2009 డిసెంబర్‌లో 4 వేలకు పైగా హ్మాంగ్‌లను లావోస్‌కు బలవంతంగా తిప్పి పంపింది. లావోస్ ప్రభుత్వం దృష్టిలో ఈ సైనికులు శత్రువు చేతి కర్రలు, అమెరికా దృష్టిలో చాలాకాలం అసలు లేనివాళ్లు. గెలిచిన దేశం రాయలేదు, ఓడిన రాజ్యం మిగల్లేదు, వాడుకున్న దేశం దాచిపెట్టింది.

కాబట్టి రాసే పని కుటుంబాల మీద పడింది. ఇవాళ అమెరికాలో 3 లక్షలకు పైగా హ్మాంగ్‌లు ఉన్నారు. మిన్నెసోటాలోని సెయింట్ పాల్, మినియాపొలిస్ నగరాల్లో మన తెలుగువాళ్లకు వాళ్లు ఇరుగుపొరుగు. శనివారం కూరగాయల సంతలో కొత్తిమీర, వంకాయలు అమ్మే హ్మాంగ్ పెద్దావిడ దగ్గర బేరమాడినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచిన సునీసా లీ ఆ సెయింట్ పాల్ అమ్మాయే. మిన్నెసోటా శాసనసభ ఆవరణలో 2016లో లావోస్ యోధుల స్మారకం వెలిసింది. మనవళ్లు ఫోన్‌లో తాతల గొంతు రికార్డు చేస్తున్నారు. తాత హ్మాంగ్‌లో చెబుతాడు, మనవడికి సగమే అర్థమవుతుంది, మధ్యలో నాన్న కూర్చుని అనువదిస్తాడు. ఏ సంవత్సరం తాతా అంటే, గసగసాల పూత రోజులు అంటాడు. ఏ ఊరు అంటే మ్యాపులో లేని పేరు చెబుతాడు.

ఈ పనికి వాళ్ల ఆచారంలోనే ఒక పాత సాధనం ఉంది. హ్మాంగ్ సంప్రదాయంలో బిడ్డ పుట్టగానే మాయను ఇంట్లోనే పాతిపెడతారు, మగబిడ్డదైతే ఇంటి నడి స్తంభం దగ్గర, ఆడబిడ్డదైతే తల్లిదండ్రుల మంచం కింద. మనిషి తొలిసారి తొడుక్కున్న పట్టుచొక్కా అదే అంటారు. చనిపోయాక ఆత్మ మళ్లీ అక్కడికి వెళ్లి ఆ చొక్కా తొడుక్కుంటే తప్ప పూర్వీకులను చేరలేదు. అందుకని అంత్యక్రియల్లో, వెదురు గొట్టాల వాద్యం మోగడానికి ముందు, దారి చూపే పాట ఒకటి పాడతారు. చనిపోయిన మనిషి బతికిన ఊళ్లన్నిటినీ చివరి నుంచి మొదటికి ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలుస్తూ, ప్రతిచోటా అక్కడి దేవతలకు తాగిన నీళ్లకు, కాల్చిన కట్టెలకు కృతజ్ఞత చెబుతూ, ఆత్మను వెనక్కి నడిపిస్తారు.

ఆ పాట సరిగ్గా పాడాలంటే పాడే మనిషికి ఆయన ఎక్కడెక్కడ ఉన్నాడో తెలియాలి. అందుకని ముందురోజు కుటుంబం కూర్చుని వరుస రాసుకుంటుంది. సెయింట్ పాల్‌లో ఈ ఇల్లు, దానికి ముందు ఆ అపార్ట్‌మెంట్, దానికి ముందు బాన్ వినాయ్, దానికి ముందు మెకాంగ్ నది, దానికి ముందు లాంగ్ చెంగ్. దానికి ముందు ఏ కొండ మీద ఎన్నాళ్లున్నాడు, పెద్దన్నయ్యా నీకు గుర్తుందా అని ఎవరో అడుగుతారు.